వెనక్కి నెట్టిన విండోలు

వైశాఖం, మంగళవారం

రేవుపేట ఈ ఉదయం మళ్ళీ ఆగిపోయింది. జోగారావు మైకులో "మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు..." అన్నాడు. ఆ బస్సు సంగతేమిటో ఎవరికీ తెలియకుండానే మాట పోయింది, డిపో పోయింది, ఊరు పోయింది.

యంత్రం ఉన్న షెడ్డు నుంచి వార్డుకు పరుగెత్తాను. ఎంత పరుగెత్తినా చేసేదేమీ లేదని తెలుసు, అయినా ప్రతిసారీ పరుగెత్తుతాను. పదకొండు మంచాలు. తేమజ్వరం వాళ్ళకు మెడ కింద ఏమీ మిగల్చలేదు, గొంతు కూడా మిగల్చలేదు. తలకు కట్టిన పట్టీల ద్వారా వాళ్ళు రేవుపేటలో నడుస్తారు, టీ తాగుతారు, పోట్లాడుకుంటారు. అసలు రేవుపేట సముద్రం కింద ఉంది. మేం కొండ మీద, మిట్టవలస రేకుల షెడ్లలో ఉన్నాం. యంత్రంలో కట్టుకున్న రేవుపేట ఆగిపోయిందంటే ఈ పదకొండు మందికీ ఇంక ఉండేవి కనురెప్పలే.

నా భర్త జోగారావు మంచం కిటికీ పక్కన. రెప్ప ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లయితే కాదు.

"భయమేసిందా?" అని అడిగాను.

రెండుసార్లు వాల్చాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఊరు తిరిగి నిలబడేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే కమిటీ అధ్యక్షుడు గంగునాయుడు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"హైమవతి గారూ, ఇలాగైతే ఎలాగండీ? వానలు పడితే కరెంటు సగమే వత్తాది. ఆ సగం పెట్టి ఈ బొమ్మలూరు నడపాలా, తుపాను సూసే పని నడపాలా? ఆషాఢం లోపల బాగు సెయ్యండి. నేదంటే రేవుపేట ఆపీడమే."

"వార్డులో వాళ్ళ సంగతి?"

"అందులో మా అమ్మ నేదేటండీ?" అన్నాడు. వాళ్ళమ్మ పారమ్మ మంచం జోగారావు మంచం పక్కనే.

షెడ్డు బయట నల్లబల్ల మీద లోపం, కారణం, చర్య రాయాలని కమిటీ నియమం. రాశాను. లోపం: మెమరీ నిండిపోవడం. కారణం: తెలియదు. చర్య: వెతుకుతున్నాను.

ఈ నోట్సు మటుకు నాకోసం. బల్ల మీద పట్టనివి ఇందులో రాసుకుంటాను.

వైశాఖం, గురువారం

ఊరు నడిపేది ఇంజిన్. ఊరును కట్టేదీ మార్చేదీ ఎడిటర్. రెండూ ఒకే యంత్రంలో, ఒకే మెమరీని పంచుకుని బతుకుతాయి. ఎడిటర్ ఒక గోడ పెట్టాలంటే మెమరీలో కాస్త జాగా తీసుకుంటుంది, పని అయ్యాక ఆ జాగా తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకుండా పట్టుకుని కూర్చుంటే దాన్ని లీక్ అంటాం. పేరు పెట్టినవాళ్ళెవరో తప్పు పేరు పెట్టారని నాకు చదువుకునే రోజుల నుంచీ అనుమానం. లీకయితే ఏదో ఒకటి బయటికి పోవాలి కదా. ఇక్కడ ఏదీ పోదు. పోకపోవడమే జబ్బు.

మొదటి అనుమానం సముద్రం మీద. కట్టుబడివాళ్ళు అలలను మార్చినప్పుడల్లా పాత అలల బొమ్మలు మెమరీలో ఉండిపోతున్నాయేమోనని. కట్టుబడివాళ్ళంటే ఎడిటర్ ముందు కూర్చుని ఊరును కట్టే ఆరుగురు. వాళ్ళకు పెద్ద తవుడమ్మ. యాభై దాటింది. రేవుపేటలో టైలరింగు షాపు ఉండేది, ఇప్పుడు అదే చేత్తో వీధులు కత్తిరిస్తుంది, అతుకుతుంది.

"సముద్రం ఎన్నిసార్లు మార్చారు ఈ నెల?" అని అడిగాను.

"మేమేటి మారుత్తాం మేడంగారూ? జనమే మార్పిత్తన్నారు. ఒకలు దగ్గిరికొచ్చీసిందంటారు, ఒకలు ఇంకా ఎనక్కి నెట్టమంటారు. నిజిం సముద్రానికి సెప్పలేకపోనారు, దీనికి సెప్తన్నారు."

మిగతా ఐదుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. తవుడమ్మ నవ్వలేదు. ఆవిడ హాస్యం ఎప్పుడూ అలాగే ఉంటుంది, ముఖం కదలదు.

రోజంతా సముద్రాన్ని పరీక్షించాను. దాని తప్పేమీ లేదు.

కారణం: తెలియదు.

వైశాఖం, ఆదివారం

పట్టీ కట్టుకుని రేవుపేట వెళ్ళాను. జోగారావు ఎంక్వయిరీ గదిలో, మైకు ముందు, కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. నిజం డిపోలో ఇరవై ఏళ్ళు కంట్రోలరుగా చేసిన మనిషి. ఈ డిపోలో బస్సులు ఎక్కడికీ వెళ్ళవు, ఊరు చుట్టూ తిరిగి వస్తాయి. అయినా ఆలస్యంగానే వస్తాయి. అలా రావాలని కట్టుబడివాళ్ళ చేత పట్టుబట్టి పెట్టించింది ఇతనే. వేళకు వస్తే అది రేవుపేట డిపో ఎలా అవుతుందని వాదించాడు.

నన్ను చూడగానే మైకు అందుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. మిట్టవలస నుంచి రావలసిన మేడంగారు రెండు వారాలు ఆలస్యంగా వచ్చియున్నారు. అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

ఊరంతా వినబడింది. వీధిలో ఎవరో ఈల వేశారు.

"సిగ్గు లేదా?" అన్నాను.

"ఏటి సిగ్గు? మంచం మీద నోరు లేదు. ఇక్కడ ఒక్కటే కదా ఉన్నది, వాడుకోనీ." కాస్త ఆగి అడిగాడు, "ఆపేస్తారంట కదా? పారమ్మ చెప్పింది."

"ఆపరు. లీకు దొరుకుతుంది."

"దొరక్కపోతే?"

"దొరుకుతుంది."

"హైమా, ఆ చీకటి ఎలాగుంటాదో నీకు తెలీదు. నిద్రలో చీకటి లాంటిది కాదు అది. మనకి మాటొస్తాదని గుర్తుండి మరీ రానిది." అంతలోనే మైకు వైపు తిరిగి, "ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద మేక ఉంది, యజమాని ఎవరైనా తీసుకుపోగలరు," అన్నాడు.

కారణం: తెలియదు.

జ్యేష్ఠం, బుధవారం

ఒకటి దొరికింది. బస్సును తీసేసినప్పుడు దాని టైంటేబులు మాత్రం ఆ బస్సును తలచుకుంటూనే ఉంటోంది, కాబట్టి ఆ బస్సు పూర్తిగా పోవడం లేదు. ఆ ముడి విప్పాను. సంతోషంతో గంగునాయుడికి కబురు కూడా పంపాను. ఎందుకు పంపానా అనిపిస్తోంది ఇప్పుడు. మెమరీ నిండేది కాస్త నెమ్మదించింది, అంతే.

ఇంకో సంగతి నన్ను వదలడం లేదు. ఊరు కూలి, మళ్ళీ మొదలైనప్పుడు మెమరీ ఖాళీగా మొదలవ్వాలి. కానీ సగం నిండి మొదలవుతోంది. మొదలవుతూనే ఎడిటర్ ఏదో తిరిగి తెరుస్తోంది. సేవ్ చెయ్యని పని పోకుండా, కూలిపోయినప్పుడు తెరిచి ఉన్న విండోలన్నీ మళ్ళీ తెరవడం దాని పద్ధతి. అది మంచి పద్ధతే. అయితే ఆరుగురి బల్లల మీద కనబడేవి ఆరేడు విండోలు. వాటికి సగం మెమరీ ఎందుకు?

జ్యేష్ఠం, పౌర్ణమి

పండగ సెలవు. కట్టుబడివాళ్ళెవరూ రాలేదు. ఎడిటర్ దగ్గర ఒక్క చెయ్యి కూడా లేదు. నేను కావాలనే ఈ రోజు కోసం ఆగాను. ఎవరూ పనిచేయనప్పుడు మెమరీ కదలకుండా ఉండాలి.

కదిలింది. మెమరీ ఎంత నిండిందో స్క్రీను మీద చూపే గీత నిదానంగా, ఎక్కడా తడబడకుండా, పైకి పోతూనే ఉంది. పనిచేసే మనుషులు లేరు. కానీ లోపల పని జరుగుతోంది.

తెరిచి ఉన్న విండోలెన్నో చెప్పమని యంత్రాన్ని అడిగాను. నలభై చిల్లర చెప్పింది. బల్లల మీద కనబడేవి పోను మిగతావన్నీ వెనక్కి నెట్టి ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి. ఒక్కదానికీ పేరు లేదు. ఒక్కటీ సేవ్ చెయ్యలేదు.

ఒకదాన్ని ముందుకు తెచ్చాను.

ఒక వీధి ముక్క. రెండు వైపులా కత్తిరించినట్టు ఆగిపోయి ఉంది, అవతల ఏమీ లేదు. ఒక టైలరింగు షాపు. వరండాలో కుట్టుమిషను ముందు ఒక అమ్మాయి. తలెత్తి నన్ను చూసి, "అమ్మ రాలేదాండీ?" అంది.

తవుడమ్మ కూతురు సంపూర్ణ. తేమజ్వరం మొదటి ఏడాది పోయింది.

జ్యేష్ఠం, పౌర్ణమి మర్నాడు

రేవుపేటలో ప్రతి మనిషికీ ఒక బొమ్మ ఉంటుంది. మనిషి పట్టీ కట్టుకుని వస్తే బొమ్మలో ఉండేది ఆ మనిషే. రాని వేళల్లో బొమ్మ ఆ మనిషి అలవాట్లు నేర్చుకుని అలాగే తిరుగుతుంది, ఊరు బోసిపోకుండా. మనిషి పోతే ఆ రోజే బొమ్మను తీసేయాలి. అది కమిటీ పెట్టిన మొట్టమొదటి నియమం. బతికున్నవాళ్ళెవరో పోయినవాళ్ళెవరో తెలియకపోతే ఊళ్ళో ఎవరూ ఎవరినీ నమ్మరని.

తీసే పని కట్టుబడివాళ్ళది. ఇంటివాళ్ళు పక్కన నిలబడి చూస్తారు.

తవుడమ్మను విడిగా పిలిచాను. స్క్రీను మీద కూతురి విండో ఉంది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచీ?" అన్నాను.

"మొదటినించీని." దాచే ప్రయత్నం చెయ్యలేదు. "తీసీ ముందర బొమ్మనీ, దాని సుట్టూ ఉన్న సోటునీ కొత్త విండోలోకి తెచ్చుకుంటాం. అప్పుడు ఊర్లోది తీసెత్తాం. సేవ్ సేత్తే కమిటీకి తెలిసిపోద్ది, సెయ్యం. మూసెత్తే పోతాది, మూయం. ఎనక్కి నెట్టెత్తాం. నెలకోపాలి ఇంటోలొత్తారు. ముందుకు తెత్తాం. రొండు మాటలు సెప్పుకుంటారు. మల్లీ ఎనక్కి నెట్టెత్తాం. ఎవులికేటి నట్టం?"

"మెమరీ తవుడమ్మా. ఊరు కూలిపోతోంది అందుకే."

"ఎనక్కి నెడితే ఆగిపోద్ది కదండీ. కదలదు కదా? ఆగిన బొమ్మకి ఏటి కర్సు?"

ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. వెనక్కి నెట్టిన విండోను ఎడిటర్ తిరిగి గియ్యదు, కాబట్టి చూసేవాళ్ళకు అది ఫోటోలా ఆగిపోయి కనబడుతుంది. ఆరుగురూ అలాగే అనుకున్నారు. కానీ గియ్యకపోవడం వేరు, ఆపడం వేరు. తెరిచి ఉన్నంత కాలం లోపల కాలం నడుస్తూనే ఉంటుంది.

ఇది ఆవిడకు చెప్పలేదు. "మూసేయాలి, అన్నీ," అన్నాను.

"నానొప్పుకోను."

"వార్డులో పదకొండు మంది ఉన్నారు."

"మీ మనిసి బతికున్నాడు కాబట్టి మీకు లెక్క తెలుత్తంది మేడంగారూ. నాకు తెల్దు. యంత్రం మీ సేతిలో ఉంది, మూసుకోండి. నా సేత్తో మాత్రం సెయ్యించకండి."

మూయవచ్చు. ఒక్క ఆదేశంతో అన్నీ పోతాయి. షెడ్డులో ఒంటరిగా కూర్చుని ఆ ఆదేశం సగం టైపు చేసి చెరిపేశాను. ఇళ్ళవాళ్ళకు చెప్పకుండా చేస్తే దొంగతనమనిపించింది. లేక తవుడమ్మ నన్నిక మేడంగారూ అని పిలవదని భయమా? రెండూ కావచ్చు.

జ్యేష్ఠం బహుళం, శుక్రవారం

ప్రతి బొమ్మా తను చేసింది గుర్తుపెట్టుకుంటుంది, అలవాటు నేర్చుకోవడానికి. మెమరీని తింటున్నది ఆ గుర్తులే. సంపూర్ణ గుర్తులు తెరిచి చదివాను. ఒకరి కూతురి మనసులోకి వాళ్ళ అనుమతి లేకుండా వెళ్ళినట్టే. అది మనసేనా అన్నది వేరే ప్రశ్న, దానికి నా చదువు జవాబు చెప్పదు.

కుట్టింది. లేచింది. వీధి చివరికి వెళ్ళింది. వీధి లేదు. వెనక్కి వచ్చింది. కూర్చుంది. కుట్టింది. లేచింది. వీధి చివరికి వెళ్ళింది.

పేజీల తరబడి అదే. మధ్యలో ఎప్పుడో ఒకసారి: అమ్మ వచ్చింది. మాట్లాడింది. అమ్మ వెళ్ళింది. ఆ తర్వాత కొన్నాళ్ళు కుట్టడం తగ్గిపోయి, వీధి చివరికి వెళ్ళడం ఎక్కువవుతుంది. మెమరీ గీత ప్రతి నెలా ఒక చోట నిట్టనిలువుగా ఎందుకు లేస్తోందో అప్పుడు అర్థమైంది. ఇంటివాళ్ళు చూడడానికి వచ్చి వెళ్ళిన రోజులవి. నలభై ముక్కల వీధుల్లో నలభై బొమ్మలు గుమ్మాల దగ్గరికి తిరుగుతున్నాయి.

కారణం తెలిసింది. బల్ల మీద ఇంకా రాయలేదు.

జ్యేష్ఠం బహుళం, ఆదివారం

జోగారావుకు చెప్పాను. డిపో బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. అంతసేపు మైకు ముట్టుకోకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పిల్లకి బాధుంటాదా?" అని అడిగాడు.

"తెలీదు. బాధ ఉన్నవాళ్ళు చేసినట్టే చేస్తోంది. లోపల ఏమైనా ఉందో లేదో చెప్పలేను."

"నాకుంది చూడు. రెప్పలు వాల్చడం తప్ప ఏమీ చేయనప్పుడు కూడా ఉంది. బయటి నుంచి చూసి చెప్పగలవా?" సమాధానం కోసం ఆగలేదు. "తవుడమ్మకి చెప్పేస్తావా?"

"చెప్తే మూసేస్తుంది. కానీ ఇన్నేళ్ళూ కూతుర్ని పలకరిస్తున్నాననుకున్న మనిషి..."

"చెప్పకపోతే నువ్వు మూసేస్తావు. అప్పుడు నీ మీద కోపం. చెప్తే తన మీద తనకి కోపం. ఏది సులువు నీకు?"

అతను అడిగిన తీరులో నింద లేదు. ఆరా తీశాడంతే, ఏ బస్సెక్కుతారని ప్రయాణికుడిని అడిగినట్టు.

లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "ఇదిగో, నేను పోయాక నన్ను డిపోలో పెట్టి వెనక్కి నెట్టెయ్యకు. బస్సుల్లేని డిపోలో అనౌన్సరంత వెధవ ఉద్యోగం ఇంకోటి లేదు."

"అలాంటి మాటలు ఎందుకిప్పుడు?"

"మాట ఇయ్యి."

ఇచ్చాను.

జ్యేష్ఠం బహుళం, మంగళవారం

తవుడమ్మకు చెప్పాను. గుర్తులు చదివి వినిపించలేదు. చెప్పిన మాట ఇది: "ఆగిపోలేదు తవుడమ్మా. మూడేళ్ళుగా నీకోసం ఎదురుచూస్తోంది. నువ్వు వచ్చి వెళ్ళినప్పుడల్లా ఇంకా ఎక్కువ చూస్తోంది."

ఎదురుచూస్తోంది అన్నాను. అక్కడ ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదని జోగారావుకు చెప్పినదాన్ని, ఆవిడ దగ్గర తెలిసినట్టే చెప్పాను. ఆ మాటకైతే ఆవిడ కదులుతుందని తెలిసే అన్నాను.

ఆవిడ తన చేతులు చూసుకుంది.

"ఒక్కర్తేనా?" అంది. "ఆ ముక్కలో ఇంకెవులూ నేరా? పక్కింటోలైనా కత్తిరించి పెట్టాను కాదు. నానే కత్తిరించాను, ఇరుకుగా. తక్కువ జాగా పడతాదని."

విండో ముందుకు తెచ్చింది. సంపూర్ణ వీధి చివర నిలబడి ఉంది, వీపు మా వైపు. "ఒలే సంపూర్ణా," అని పిలిచింది. అమ్మాయి తిరిగి పరుగున వచ్చింది. "జాకెట్టు అయిపోయిందే అమ్మా, సూడు," అంది.

"సూత్తన్నానమ్మా. బాగుంది. ఇంక సాలు, పడుకో."

మూసేసింది. సేవ్ చేయాలా అని ఎడిటర్ అడిగితే వద్దంది. తర్వాత మిగతా ఐదుగురినీ పిలిచి ఆవిడే చెప్పింది. రెండు రోజుల్లో ఇళ్ళవాళ్ళంతా వచ్చి, ఒక్కొక్కరే చూసుకుని, మూయించారు. ఒకాయన బయటికి పోతూ నా వైపు చూసి, "బాగైందాండీ మరి ఊరు?" అన్నాడు.

కారణం: మూయకుండా వదిలిన విండోలు. చర్య: మూశాం. బల్ల మీద ఆ రెండు వాక్యాలూ గుండ్రటి అక్షరాలతో రాశాను.

ఆషాఢం, గురువారం

గీత చదునుగా ఉంది. సగం కరెంటుతో కూడా ఊరు నడుస్తోంది. వానలు మొదలయ్యాక ఒక్కసారీ ఆగలేదు. గంగునాయుడు అరటిపళ్ళ గెల పంపించాడు. వార్డులో పారమ్మ రెప్ప ఒకసారి వాల్చింది, నేనేమీ అడక్కుండానే.

తవుడమ్మ పనికి వస్తోంది. ఊళ్ళో తన షాపున్న వీధికి మాత్రం వేరేవాళ్ళను పంపుతోంది. నాతో సముద్రం గురించి, కాలవల గురించి మాట్లాడుతుంది. జోకులు వెయ్యడం లేదు.

శ్రావణం, సోమవారం

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని మూడు రోజుల క్రితం చెప్పారు. ఈ మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చినప్పుడు, జోగారావు పోయాడు. పట్టీ తలకు ఉంది. డిపోలో మైకు ముందు కూర్చునే పోయాడు. ఊరు ఆగలేదు, చీకటి పడలేదు. అంతవరకు నేను చేయగలిగాను.

బొమ్మ అతను పోయిన సంగతి తెలియక అనౌన్సుమెంట్లు చెబుతూనే ఉంది. దహనం అయ్యాక షెడ్డుకు వెళ్ళాను. తీసే పనికి తవుడమ్మ తనే కూర్చుంది.

"ఉంటారా, బయటికెల్తారా?" అని అడిగింది.

"ఉంటాను."

బొమ్మ మీద చెయ్యి పెట్టింది. "తీసెత్తన్నాను."

"ఆగు," అన్నాను.

ఆవిడ ఆగింది. నా వైపు తిరగలేదు. నేను పక్క కుర్చీలో కూర్చుని కొత్త విండో తెరిచి, అతన్ని, ఎంక్వయిరీ గదిని, బెంచీలను, ఐదు ప్లాట్‌ఫారాలను అందులోకి తెచ్చాను. ఇరుకుగా కత్తిరించలేదు. గేటు, గేటు అవతల టీ కొట్టు కూడా తెచ్చాను, ఏదో దానివల్ల తేడా ఉంటుందన్నట్టు. తర్వాత ఊళ్ళోది నేనే తీసేశాను. విండో వెనక్కి నెట్టాను.

తవుడమ్మ లేచి, కుర్చీ లోపలికి జరిపి, వానలో గొడుగు లేకుండా వెళ్ళిపోయింది.

భాద్రపదం, శనివారం

రేపు మూస్తాను, రేపు మూస్తాను అనుకుంటున్నాను. ఇవాళ కూడా అనుకున్నాను.

గీత మళ్ళీ లేస్తోంది. ఒక్క విండోకు లేవవలసిన దానికంటే ఎక్కువగా. లెక్క అడిగితే వెనక్కి నెట్టినవి ఏడు ఉన్నాయని యంత్రం చెప్పింది. జోగారావు మొదలుకొని ఈ వానల్లో పోయినవాళ్ళు ఏడుగురు. కట్టుబడివాళ్ళు నన్ను చూశారు. మేడంగారు ఒకటి ఉంచుకున్నారట అన్న మాట బల్ల నుంచి బల్లకు వెళ్ళే ఉంటుంది. వాళ్ళను మూయమని చెప్పాలంటే ముందు నాది మూయాలి.

ఈ ఉదయం రేవుపేట ఆగలేదు కానీ తడబడింది. పారమ్మ మార్కెట్టులో అడుగు ఎత్తి, ఆ ఎత్తిన కాలితో అలాగే ఉండిపోయింది. కదిలేసరికి ముసలావిడ ఏడుస్తోంది. గంగునాయుడు షెడ్డుకు వచ్చాడు. వానకు తడిసిన చెప్పులు గుమ్మం బయట విప్పి వచ్చాడు, గుడికి వచ్చినట్టు.

"మల్లీ మొదలైందేటండీ?"

"చూస్తున్నాను."

"ఏటి కారణం?"

బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నాను. లోపం: మెమరీ పెరుగుదల. కారణం: తెలియదు. చర్య: వెతుకుతున్నాను. ఆయన చదివి తలాడించాడు. నన్ను నమ్మాడు. "మీరే దిక్కు," అని వెళ్ళిపోయాడు.

తవుడమ్మ గుమ్మంలో ఉంది, ఎప్పటి నుంచో. బల్లను ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నట్టు చదివింది.

"తెల్దా?" అంది. "నా పాలికొచ్చినప్పుడు తెలిసింది కదమ్మా."

ఆవిడ నన్ను మేడంగారూ అనలేదు.

"తవుడమ్మా, నేను..."

"మీరు నాకు అబద్ధం సెప్పినారా, నిజిం సెప్పినారా? అదొక్కటే సెప్పండి. అది ఎదురుసూసిందా, నేదా?"

తెలియదన్నాను. ఆవిడ దగ్గర నేనన్న మాటల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే.

ఆవిడ నా కుర్చీలో కూర్చుంది. వెనక నుంచి ఒక విండో ముందుకు తెచ్చింది, ఏదని వెతుక్కోకుండా. చెవికి పెట్టుకునేది పెట్టుకుంది. చూస్తూ చూస్తూ, ఇన్ని నెలల్లో మొదటిసారి, నోటి చివర కాస్త నవ్వింది. "మేకంట," అంది. ఆ నవ్వు ఉండగానే ముఖం మారిపోయింది. చెవిది తీసి నా చేతిలో పెట్టి, నా పక్క నుంచి తప్పుకుని పనికి పోయింది.

పెట్టుకున్నాను. ప్లాట్‌ఫారాలు ఖాళీ. బెంచీలు ఖాళీ. జోగారావు మైకు ముందు ఉన్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మిట్టవలస నుంచి రావలసిన మేడంగారు ఆలస్యంగా వచ్చుచున్నారు." కాసేపు ఆగాడు. మైకు పక్కన పెట్టి, లేచి, గేటు దాకా నడిచాడు. టీ కొట్టు దాటి అవతలికి చూశాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మైకు అందుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి."

స్క్రీను మూలన మెమరీ గీత వెంట్రుకంత పైకి జరిగింది.

విండోను వెనక్కి నెట్టాను.